నాలుగున్నర లక్షల కిలోమీటర్లు దాటిన పికప్‌కు పాత సామాను: ఏది కొనవచ్చు, ఏది కొనకూడదు

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను. బండి 2008 మోడల్ బొలేరో పికప్, 2523 సీసీ డీఐ టర్బో ఇంజన్, మీటరు మీద నాలుగున్నర లక్షల కిలోమీటర్లు దాటింది. సత్తుపల్లి దగ్గరి నుంచి ఖమ్మం మార్కెట్‌కు మిర్చి, మిగతా రోజుల్లో కూరగాయలు తోలుతున్నారు. మూడో గేరు దానంతట అదే ఊడిపోతోంది, 40 దాటితే వెనక హౌసింగ్ (వెనక చక్రాలను తిప్పే పళ్లుండే పెట్టె) మోగుతోంది, ఇంజన్ ఆయిల్ తాగుతోంది. ఊళ్లో మెకానిక్ ఇంజన్ దించి బోరు చేయించమన్నారు (అంటే అరిగిన సిలిండర్లను కోయించి సరిచేయించమని), మీ అన్నగారు బండిని స్క్రాపుకు ఇచ్చేయమన్నారు. విజయవాడ ఆటోనగర్ నుంచి పాత సామాను తెచ్చి వేయించుకుంటే ఇంకొన్నేళ్లు నడుస్తుందా, అందులో ఏది కొనవచ్చు, ఏది కొనకూడదు అని అడిగారు.

ఛాసిస్ ఆరోగ్యంగా ఉంటే నడుస్తుంది. మీ బండిలో పంపు నుంచి నాజిల్ దాకా ఇంధనం పని అంతా మెకానికల్‌గా జరుగుతుంది కాబట్టి, విప్పి, కొలిచి, బాగు చేసి మళ్లీ బిగించడానికి వీలైన బండి అది. అయితే మీ మెకానిక్ చెప్పిన వరుస నాకు సరిగ్గా అనిపించడం లేదు. ఆయిల్ తాగే ఇంజన్ రోజూ కొంత డబ్బు తింటుందే గాని ఒక్కసారిగా ఆగిపోదు. మోగుతున్న హౌసింగ్ లోడుతో ఉన్నప్పుడు పళ్లు రాల్చి నడిరోడ్డు మీద నిలబెడుతుంది. అందుచేత ముందు హౌసింగ్, తర్వాత గేర్ బాక్స్, చివరికి ఇంజన్ చూడాలి. ఇంజన్ దగ్గరికి వచ్చే ముందు అది నిజంగా ఎంత ఆయిల్ తాగుతోందో లెక్క తేలాలి.

పాత సామాను విషయంలో ఆటోనగర్ షెడ్డులో మొదటి నుంచీ నేను పాటించిన నియమం ఒకటుంది. ప్రతి భాగాన్నీ చేతిలోకి తీసుకుని, ఇది చెప్పి పోయేదా, చెప్పకుండా పోయేదా అని చూసుకుంటాను. గేరు పళ్లు, బేరింగులు, క్రౌను (హౌసింగ్‌లోని పెద్ద పళ్ల చక్రం), పంపు, టర్బో వంటివి అరిగేటప్పుడు మోగుతాయి, వేడెక్కుతాయి, పొగ వదులుతాయి, ఆయిల్‌లో పొడి రాలుస్తాయి. పూర్తిగా పోయేలోపు మనకు వారాలో నెలలో గడువిస్తాయి. బ్రేకు గొట్టం, మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్, కమాను (పట్టీల స్ప్రింగు) కట్టలోని పెద్ద పట్టీ వంటివి నిన్నటి దాకా మామూలుగానే ఉండి ఇవాళ లోడు మీద తెగిపోతాయి. మొదటి రకాన్ని, చూసి కొనడం వస్తే, పాతది కొనవచ్చు. రెండో రకాన్ని ఎంత చవకగా వచ్చినా, చూడటానికి ఎంత కొత్తగా ఉన్నా పాతది కొనకూడదు. ధరా, కంపెనీ పేరూ దీని తర్వాతే ఆలోచించాలి.

స్క్రాపు దుకాణానికి వెళ్లే ముందు మీ బండి ఏమిటో మీకు తెలియాలి. బొలేరో పికప్ అన్న ఒక్క పేరు మీద ఏళ్ల తరబడి రకరకాల ఇంజన్లు, గేర్ బాక్సులు, హౌసింగులు వచ్చాయి. 2523 సీసీ అన్న అంకెను కూడా నమ్మడానికి లేదు, ఎందుకంటే తర్వాత వచ్చిన, కంప్యూటర్ అదుపులో ఇంధనం చిమ్మే ఎం2డీఐసీఆర్ కామన్ రైల్ ఇంజన్ సామర్థ్యం కూడా అదే; దాని పంపు, నాజిళ్లు, వైరింగ్ మీ ఇంజన్‌కు పనికిరావు. పైగా 2010లో హైదరాబాద్ సహా 13 నగరాలకు బీఎస్-4 పొగ ప్రమాణాలు, మిగతా దేశానికి బీఎస్-3 వచ్చాయి. దేశమంతటా బీఎస్-4 అమలైంది 2017 ఏప్రిల్ 1 నుంచి. అంటే ఒకే ఏడాది తయారైన రెండు బండ్లలో కూడా ఇంజన్ చుట్టూ ఉన్న సామాను వేరుగా ఉండవచ్చు. కాబట్టి ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఫోటో తీసుకోండి. వీలైతే విప్పిన పాత భాగాన్నే వెంట తీసుకెళ్లి రెండింటినీ పక్కపక్కన పెట్టి బోల్టు రంధ్రాలు, షాఫ్టు కొసన ఉండే స్ప్లైన్ పళ్లు, పొడవు పోల్చండి. నోటితో చెప్పి తెప్పించుకున్న సామాను వెనక్కి వెళ్లడమే ఎక్కువగా చూశాను.

ఇక హౌసింగ్ సంగతి. మోత క్రౌను, దాన్ని తిప్పే చిన్న పినియన్ పళ్ల నుంచే వస్తోందా అన్నది మొదట తేల్చుకోవాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మోగి, కాలు తీయగానే తగ్గితే, లేదా దానికి తారుమారుగా జరిగితే పళ్ల వైపు అనుమానించాలి. తొక్కినా తీసినా ఒకేలా మోగుతూ వేగంతో పాటు పెరిగితే బేరింగు కావచ్చు. స్టీరింగ్‌ను ఎడమకూ కుడికీ కొద్దిగా తిప్పినప్పుడు మోత మారితే వీల్ బేరింగు చూడాలి. బండి కదిలేటప్పుడు టక్కుమని ఒక్క దెబ్బ వినిపిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ క్రాస్ అరిగి ఉంటుంది. ఇంకో సంగతి గుర్తు చేసుకోండి: ఈ మధ్య పినియన్ ఆయిల్ సీలు మార్పించారా? సీలు మార్చిన తర్వాత పినియన్ నట్టును ఇష్టమొచ్చినంత బిగించేస్తే బేరింగు మీద ఒత్తిడి మారిపోయి, అంతవరకూ నిశ్శబ్దంగా ఉన్న హౌసింగ్ అప్పటి నుంచి మోగడం మొదలుపెడుతుంది. పాత బండ్లలో మోతకు ఇది చాలా తరచుగా కనిపించే కారణం.

పళ్లే పోయాయని తేలితే, విడి క్రౌను కొనకండి, విడి పినియన్ అసలే కొనకండి. ఆ రెండింటినీ ఫ్యాక్టరీలో జతగా ఒరిపిడి పట్టించి, రెండింటి మీదా ఒకే జత నంబరు చెక్కుతారు. ఆ జత విడిపోతే ఎంత సర్దినా మోత పోదు. దుకాణంలో కొత్తగా కనిపించే జత ఉన్నా, దాన్ని మీ హౌసింగ్‌లో కూర్చోబెట్టి, షిమ్ములు (పలచటి రేకు బిళ్లలు) వేసి, డయల్ గేజితో పళ్ల మధ్య ఆట (వదులు) కొలిచి, పళ్లకు బ్లూ (నీలిరంగు) రాసి ముద్ర ఎక్కడ పడుతోందో చూసి బిగించే ఓపిక ఉన్న మేస్త్రీ దొరకాలి. ఆ ఆట సాధారణంగా 0.15 నుంచి 0.20 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, మీ హౌసింగ్‌కు సరైన అంకె కంపెనీ సర్వీసు పుస్తకంలో ఉంటుంది. అలాంటి మేస్త్రీ అందుబాటులో లేకపోతే, కదిలించని హౌసింగ్‌ను మొత్తంగా, యాక్సిల్ రాడ్లతో సహా కొనడం మేలు. ఫ్యాక్టరీ చేసిన సర్దుబాటు అందులో చెక్కుచెదరకుండా ఉంటుంది, మీరు సీళ్లు, వీల్ బేరింగులు మార్చుకుంటే సరిపోతుంది.

కొనే హౌసింగ్ రేషియో మీదానితో కలవాలి. 41 పళ్ల క్రౌనుకు 8 పళ్ల పినియన్ అయితే రేషియో 5.125, పినియన్‌కు 9 పళ్లుంటే 4.556. ఈ తేడా తెలియకుండా వేస్తే ఘాట్ రోడ్డు మీద లోడు లాగదు, లేదా ఖాళీ రోడ్డు మీద ఇంజన్ ఊరికే అరుస్తుంది, మీటరు కూడా తప్పు చూపిస్తుంది. విప్పకుండా తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. హౌసింగ్‌ను స్టాండు మీద పెట్టి, ఒక వైపు డ్రమ్మును కదలకుండా పట్టుకోమని, రెండో వైపు డ్రమ్ము మీదా పినియన్ ఫ్లాంజి మీదా సుద్దతో గీతలు పెట్టండి. డ్రమ్ము సరిగ్గా ఒక చుట్టు తిరిగేసరికి ఫ్లాంజి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రెట్టింపు చేస్తే అదే రేషియో. ఒక చక్రం ఆగి ఉన్నప్పుడు రెండోది రెట్టింపు తిరుగుతుంది కాబట్టి ఈ రెట్టింపు అవసరం. పది చుట్లు తిప్పి లెక్కిస్తే పొరపాటు తగ్గుతుంది. ఈ పరీక్షలోనే ఫ్లాంజి ఎక్కడైనా పట్టేసినట్లు, గరగరలాడినట్లు చేతికి తెలుస్తుంది. డ్రెయిన్ ప్లగ్గు విప్పి ఆయిల్ చూడండి: అయస్కాంతం మీద మెత్తటి బూడిద రంగు ముద్ద ఉండటం సహజం, పెచ్చులు, ముక్కలు ఉంటే ఆ హౌసింగ్‌ను వదిలేయండి. అసలు ఆయిలే లేకుండా ఎండిపోయి ఉంటే దాన్నీ వదిలేయాలి.

ఆక్వా బండ్ల నుంచి వచ్చిన హౌసింగులు, యాక్సిళ్లు కొనేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. భీమవరం వైపు ఐసు, చేపలు, రొయ్యలు మోసిన బండ్ల కింద ఏళ్ల తరబడి ఉప్పునీరు కారుతుంది. పైకి రంగు వేసి మెరిపించినా, బ్రేకు ప్లేటు బిగించే చోట, కమాను కూర్చునే చోట ఇనుము పొరలుపొరలుగా లేస్తుంది. చిన్న సుత్తితో తడితే తెలిసిపోతుంది. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు పట్టింది మొద్దుగా పలుకుతుంది.

గేర్ బాక్సు దించే ముందు మూడో గేరు ఎప్పుడు ఊడుతోందో గమనించండి. గతుకుల్లో మాత్రమే ఊడితే గేర్ బాక్సు మౌంటింగ్ రబ్బరో, గేరు రాడ్డు బుష్షో పోయి ఉండవచ్చు, ఆ పని ఒక పూటలో అయిపోతుంది. వాలులో కాలు తీసినప్పుడు ఊడితే లోపల స్లీవు పళ్లు, గేరు డాగ్ పళ్లు గుండ్రంగా అరిగి ఉంటాయి, లేదా ఫోర్కు అరిగి గేరు పూర్తిగా పడటం లేదు, లేదా గేరును పట్టి ఉంచే బాల్ స్ప్రింగు సన్నగిల్లింది. స్ప్రింగు మార్చడానికి బాక్సంతా విప్పనక్కర్లేదు, అందుకే అది ముందు చూడమంటాను. మిగిలిన కారణాలకు బాక్సు దింపాల్సిందే.

పాత గేర్ బాక్సు నా దృష్టిలో స్క్రాపు దుకాణంలో దొరికే అన్నిటికన్నా లాభసాటి కొనుగోలు, ఎందుకంటే దాన్ని అక్కడికక్కడే పరీక్షించవచ్చు. ఇన్‌పుట్ షాఫ్టును చేత్తో తిప్పుతూ ఒక్కో గేరూ వేసి చూడండి. ప్రతి గేరులోనూ మెత్తగా, ఒకే బరువుతో తిరగాలి. తర్వాత షాఫ్టును పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, ముందు బేరింగు అరిగి ఉంటే ఆట స్పష్టంగా తెలుస్తుంది. క్లచ్ ప్లేటు జారే స్ప్లైన్ మీద వేలు గోరు పెట్టి గీయండి, మెట్టులా తగిలితే అక్కడ అరిగింది. ఆయిల్‌లో పసుపు మెరుపు కనిపిస్తే అది ఇత్తడి సింక్రో రింగుల పొడి. రింగులు మార్చుకోవచ్చు గనక దానికోసం బాక్సును తిరస్కరించాల్సిన పని లేదు, ధర తగ్గించమనండి. ఫోర్ వీల్ డ్రైవ్ బొలేరో క్యాంపర్ నుంచి తీసిన బాక్సు వెనక భాగం వేరుగా ఉంటుంది, అది మీకు కలవదు. బాక్సు దింపినప్పుడు క్లచ్ రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు, క్రాంకు వెనక ఆయిల్ సీలు కొత్తవి వేయించండి, ఎందుకంటే అవి తర్వాత పోతే బాక్సు దింపే కూలి మొత్తం మళ్లీ కట్టాలి. నింపే ఆయిల్ విషయంలో కూడా జాగ్రత్తగా ఉండండి. “90 ఆయిల్” అని ఒకే డబ్బా హౌసింగ్‌కూ గేర్ బాక్సుకూ పోసేస్తారు. హౌసింగ్‌లోని హైపాయిడ్ (వంకరగా కోసిన) పళ్లకు జీఎల్-5 రకం గేర్ ఆయిల్ కావాలి. ఇత్తడి సింక్రోలున్న గేర్ బాక్సుకు పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే అదే పోయాలి, జీఎల్-5లోని రసాయనాలు కొన్ని ఇత్తడిని తింటాయి.

ఇప్పుడు ఇంజన్. ఆయిల్‌ను డిప్ స్టిక్ పై గీత దాకా నింపి, 1,000 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే గీతకు తేవడానికి ఎంత పట్టిందో రాసి పెట్టుకోండి. లీటరు లోపు అయితే, అంత వయసున్న ఇంజన్‌ను దానికోసమే దించను. లీటరు దాటితే ఎక్కడ పోతోందో చూడాలి. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ కాగానే నీలిపొగ వదిలి ఆగితే వాల్వు సీళ్లు. లోడు మీద ఎక్కేటప్పుడు నీలిపొగ వస్తే, బ్రీదర్ గొట్టం నుంచి పొగ ఉబుకుతుంటే రింగులు, బోరు. టర్బో నుంచి ఇంజన్‌కు వెళ్లే గాలి గొట్టం లోపల ఆయిల్ నిలిచి ఉంటే టర్బో. నల్లపొగకు ఆయిల్‌తో సంబంధం లేదు, అది గాలి చాలకపోవడమో డీజిల్ ఎక్కువ కావడమో. ఈ తేడాలు చూడకుండా బోరు చేయించమనడం తొందరపాటు. కంప్రెషన్ గేజితో నాలుగు సిలిండర్లూ కొలిపించండి; అంకె కన్నా నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. ఒకటి మాత్రమే బాగా తక్కువ ఉంటే వాల్వో హెడ్డు గ్యాస్కెట్టో కావచ్చు, నాలుగూ ఒకేలా తగ్గి ఉంటే బోరు అరిగినట్లే.

బోరు అరిగిందని తేలినా పాత ఇంజన్ మొత్తంగా కొనవద్దని నా సలహా. అది ఎంత తిరిగిందో, ఎన్నిసార్లు వేడెక్కిందో చెప్పేవారు ఉండరు, స్టార్ట్ చేసి చూపించినా పది నిమిషాల పరీక్షలో తెలిసేది తక్కువ. మీ బ్లాకు ఏమిటో మీకు తెలుసు. పైగా ఇంజన్ నంబరు బ్లాకు మీదే ఉంటుంది, దాన్ని మార్చకపోతే ఆర్సీ జోలికి వెళ్లే పని ఉండదు. మీ బ్లాకునే బోరింగ్‌కు ఇచ్చి, దానికి కావలసిన విడి భాగాలను పాత సామానులో వెతకండి.

ఆ విడి భాగాల్లో క్రాంకు, హెడ్డు పాతవి కొనవచ్చు. క్రాంకు జర్నళ్లను (బేరింగులు కూర్చునే చోట్లను) మైక్రోమీటరుతో ఒక్కోచోట ఒకదానికొకటి అడ్డంగా రెండు దిక్కుల్లో కొలిపించాలి, కోలగా అరిగిందో లేదో అప్పుడే తెలుస్తుంది. అంగట్లో వాళ్లు 10, 20, 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) అంటారు, అంటే దాదాపు 0.25, 0.50, 0.75 మిల్లీమీటర్లు గ్రైండింగ్ అయిపోయిందని అర్థం. స్టాండర్డ్ లేదా 10లో ఉన్న క్రాంకు కొనండి. 30కి చేరిన దానికి ముందు దారి లేదు. తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టినప్పుడు గంటలా మోగాలి, తర్వాత లేత్ దగ్గర పగుళ్ల పరీక్ష చేయించాలి. హెడ్డు మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజితో వంపు చూడండి. రెండు వాల్వు సీట్ల మధ్య సన్నటి పగులు ఉందేమో వెలుతురులో వెతకండి, నీటి ప్రెషర్ పరీక్ష చేయించకుండా డబ్బు మొత్తం ఇవ్వకండి. గ్యాస్కెట్లు, బేరింగు షెల్లులు, కనెక్టింగ్ రాడ్ బోల్టులు, హెడ్డు బోల్టులు కొత్తవే వేయాలి.

పంపును మన మేస్త్రీలు ఇప్పటికీ మైకో పంపు అనే అంటారు, ఆ కంపెనీ 2008లోనే బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకున్నా. మెకానికల్ పంపు పాతది కొని, టెస్ట్ బెంచి ఉన్న చోట క్యాలిబ్రేషన్ చేయించుకుంటే నిశ్చింతగా వాడవచ్చు, నాజిళ్లకూ అంతే. ఇదే మాట కామన్ రైల్ బండ్ల వారికి చెప్పను: వాటి ఇంజెక్టర్లు చాలావాటి మీద ఒక్కోదానికి ఒక్కో కోడ్ ఉంటుంది, దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించాలి, లోపల అరుగుదల కంటికి కనపడదు. టర్బో పాతది చూసేటప్పుడు షాఫ్టును పక్కకు ఊపితే కొద్దిగా కదలడం సహజం. ముందుకూ వెనక్కూ చేతికి తెలిసేంత కదిలినా, ఫ్యాను రెక్క గోడకు రాసుకున్నా పనికిరాదు. బిగించాక ఆయిల్ గొట్టం శుభ్రంగా ఉందో చూసి, స్టార్ట్ చేసే ముందు టర్బోలో కాస్త ఆయిల్ పోయాలి.

పాతవి కొనకూడని వాటిని మరోసారి విడమరచి చెప్పాల్సిన అవసరం ఉంది, ఎందుకంటే ప్రాణాలు పోయేది అక్కడే. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, బ్రేకు గొట్టాలు, లైనింగులు, టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, యూ బోల్టులు కొత్తవి. బ్రేకు డ్రమ్ము మాత్రం పాతది వాడవచ్చు: దాని మీదే గరిష్ఠ వ్యాసం పోతపోసి ఉంటుంది, స్కిమ్మింగ్ చేయించిన తర్వాత కూడా ఆ అంకె దాటకూడదు. లోపలి ముఖం మీద వేడికి వచ్చిన పగుళ్లు అంచు దాకా పాకి ఉంటే వద్దు, ఒక యాక్సిల్‌కు రెండు వైపులా జతగా వేయాలి. స్టీరింగ్ బాక్సు పాతది తీసుకోవచ్చు గాని, మధ్యలో ఆట లేకుండా స్క్రూ బిగించి, చివరి దాకా తిప్పి చూడండి. మధ్యలో సరిపోయి చివర్లలో పట్టేస్తుంటే లోపల మధ్య భాగం అరిగిపోయిందని గుర్తు, వదిలేయండి. కమాను పట్టీల విషయంలో చాలామంది పొదుపు చేస్తారు. పాత పట్టీ వంపు మీ కట్టలోని మిగతా వాటితో కలవదు, దాని బలం ఎంత మిగిలిందో కొలిచే సాధనం మన దగ్గర లేదు. సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర వెంట్రుకంత పగులుతో మొదలై విరుగుతుంది. విరిగిన పట్టీకి వెల్డింగ్ పెట్టే షెడ్డు కనిపిస్తే అక్కడి నుంచి బండి తీసుకుని వచ్చేయండి.

కొత్తది అంటే దుకాణదారు కొత్త పెట్టెలో ఇచ్చింది అని అర్థం కాదు. డూప్లికేట్ బేరింగులు, డూప్లికేట్ క్లచ్ ప్లేట్లు, డూప్లికేట్ ఫిల్టర్లు అచ్చం కంపెనీ అట్టపెట్టెల్లో వస్తున్నాయి. గేర్లు, షాఫ్టులు, హబ్బులు వంటి ఇనుప భాగాల్లో ఫ్యాక్టరీ నుంచి బండితో పాటు వచ్చిన పాతది, ఊరూపేరూ లేని కొత్తదాని కన్నా నిస్సందేహంగా మేలు. వాటి ఇనుము, పదును పెట్టిన తీరు వేరు. బ్రేకు, స్టీరింగ్ సామానుకు మాత్రం కంపెనీ డీలరు దగ్గరే బిల్లుతో కొనండి. ఇంకొకటి, ఏ పాత బండి విప్పుతున్నా దాని నట్లు, బోల్టులు, బ్రాకెట్లు అడిగి తెచ్చుకోండి. తల మీద 8.8, 10.9 అని ఉన్న అసలు బోల్టులు వీధి చివర హార్డ్‌వేర్ దుకాణంలో దొరకవు, మెత్తటి బోల్టు వేసిన చోట మౌంటింగులు వదులై, ఆ ఊపుకు మరో భాగం పగులుతుంది. అలాగే వైరింగ్ కనెక్టర్లను జానెడు వైరుతో సహా కత్తిరించి తెచ్చుకుంటే అతుకులు సక్రమంగా వేయవచ్చు.

డైనమో పాతది కొంటే ఒక్క విషయం మరవకండి. మీ తరం డీజిల్ పికప్పుల్లో చాలావాటికి డైనమో వెనకే వాక్యూమ్ పంపు ఉంటుంది, బ్రేకు బూస్టర్ పనిచేసేది దానితోనే. ఛార్జింగ్ బాగుందని బిగించి పంపితే, పంపు రెక్కలు అరిగి ఉన్నందువల్ల పెడలు రాయిలా గట్టిపడుతుంది. బెంచి మీద వోల్టేజీతో పాటు వాక్యూమ్ గేజి కూడా పెట్టించి చూడండి. రేడియేటర్ ఇత్తడిదైతే కోరు మార్పించి మళ్లీ వాడుకోవచ్చు, ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియం రకం పాతది కొనడం దండగ. వేడెక్కుతోందని థర్మోస్టాట్ తీసి పారేసే అలవాటు మన షెడ్లలో బాగా ఉంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో తిరిగే బండికైనా అది ఉండాలి. లేకపోతే ఇంజన్ ఎప్పుడూ కావలసినంత వేడెక్కదు, కాలని డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది, కొత్తగా చేయించిన బోరు త్వరగా అరుగుతుంది. కొత్త థర్మోస్టాట్, కొత్త హోసులు, కొత్త బెల్టు వేయించండి.

వీటన్నిటికన్నా ముందు, పైసా ఖర్చు పెట్టకముందే, బండిని ర్యాంపు ఎక్కించి కింద కడిగించి ఛాసిస్ చూడండి. వెనక కమాను హ్యాంగర్ల దగ్గర, గేర్ బాక్సు క్రాస్ మెంబర్ దగ్గర, క్యాబిన్ వెనక తొట్టి మొదలయ్యే చోట పగుళ్లు వస్తాయి. ఒకటి రెండు పగుళ్లుంటే కొసల్లో చిన్న రంధ్రం వేసి పగులు పాకకుండా ఆపి, వీ ఆకారంలో చెక్కి, బ్యాటరీ వైర్లు తీసి, 7018 రాడ్డుతో అనుభవమున్న వెల్డరు చేత పట్టించవచ్చు. అతుకు పలకను ఛాసిస్‌కు అడ్డంగా గీసినట్లు వెల్డ్ చేస్తే ఆ గీత వెంటే మళ్లీ విరుగుతుంది, కాబట్టి పలక కొసలు ఏటవాలుగా ఉండాలి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోయేంత తుప్పు ఉంటే మాత్రం మీ అన్నగారి మాటే సరైనది. అప్పుడు ఆ బండిలోని మంచి సామాను ఇంకొకరికి పనికొస్తుంది.

కాగితాల మాట. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, కాబట్టి హెడ్‌లైట్లు, పొగ, బ్రేకు, స్టీరింగ్ ఎలాగూ ఎవరో ఒకరు చూస్తారు. ఏ కారణం చేతైనా ఇంజన్ బ్లాకు మార్చాల్సి వస్తే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, మార్చిన 14 రోజుల్లోగా ఆర్సీలో నమోదు చేయించాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. నంబరు చెరిపేసిన, మళ్లీ ముద్ర కొట్టినట్లు అనుమానం వచ్చే బ్లాకునూ ఛాసిస్ ముక్కనూ ముట్టుకోకండి. దొంగ సొత్తు తెలిసి కొన్నవాడికి కూడా శిక్ష ఉంది. బిల్లు మీద దుకాణం పేరు, భాగం పేరు, వీలైతే విప్పిన బండి నంబరు రాయించుకోండి, బిగించి చూసి నచ్చకపోతే తిరిగి తీసుకునే గడువు కూడా అదే బిల్లు మీద ఉండాలి. ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఇదే మోడల్ నడుపుతుంటే, ప్రమాదంలో ముందుభాగం పోయిన బండిని కలిసి కొనడం మంచి ఆలోచనే, కాని దాని రిజిస్ట్రేషన్ రద్దయిందో లేదో చూసుకోవాలి. పనికిరాకుండా పోయిన బండి సంగతి యజమాని తెలియజేయాలన్నది అదే చట్టంలోని 55వ సెక్షన్.

ఎక్కడ వెతకాలి అంటే, మీకు దగ్గర విజయవాడ జవహర్ ఆటోనగర్. విప్పేవాళ్లు, లేత్ పని, పంపు బెంచి, రేడియేటర్, కమాను షెడ్లు అన్నీ నడిచి వెళ్లేంత దూరంలో ఉండటం వల్ల కొన్న భాగాన్ని అక్కడే పరీక్ష చేయించుకోవచ్చు. అక్కడ కుదరకపోతే హైదరాబాద్ రాణీగంజ్‌లో విడి భాగాలు, చెన్నై పుదుపేటలో విప్పిన సామాను దొరుకుతాయి. అంత దూరం వెళ్లాల్సి వస్తే మీ పాత భాగం మీ వెంట ఉండి తీరాలి.

హౌసింగ్, గేర్ బాక్సు బిగించిన తర్వాత మొదటి 500 కిలోమీటర్లకు రెండింటి ఆయిల్ దించి, తెల్లటి బట్టలో వడకట్టి చూడండి. పాత సీళ్ల తునకలు, మెత్తటి పొడి ఉంటే పర్వాలేదు, మళ్లీ కొత్త ఆయిల్ నింపి నడపండి. మెరిసే పెచ్చులుంటే గడువు దాటకముందే దుకాణానికి తీసుకెళ్లండి. ఆ 500 కిలోమీటర్లూ అరలోడు మించకండి. లోడు దించాక హౌసింగ్ మీద చేయి పెట్టి చూస్తుండండి, వేడి కొద్దిగా ఉండటం మామూలే, చేయి ఆనించలేనంత ఉంటే బేరింగు బిగువు ఎక్కువైంది. ఈ రెండు పనులూ మిర్చి రాకముందే పూర్తిచేసి, ఇంజన్‌ను ఆయిల్ పోసుకుంటూ సీజనంతా నడపండి, పోసిన ప్రతిసారీ తారీఖు, కిలోమీటర్లు, ఎంత పోశారో రాయండి. జూన్‌లో బండికి పని తగ్గాక ఇంజన్ దించాలా వద్దా అన్నది ఆ లెక్కను, కంప్రెషన్ అంకెలను పక్కపక్కన పెట్టి తేల్చుకోవచ్చు. ఆ అంకెలు వచ్చాక ఇక్కడ రాస్తే, బోరు ఏ సైజుకు వెళ్లాలో కలిసి చూద్దాం.